గోడ అవతలి పునీతులు – 6వ భాగం: అంగమాలి గుడికి పేరు మారిన రోజు

1599 జూన్ నెల. కొచ్చికి దగ్గర్లో ఉన్న ఉదయంపేరూరు గుడిలో 20వ తేదీ నుంచి 26వ తేదీ దాకా ఒక మహాసభ జరిగింది. పిలిచినవాడు గోవా ఆర్చ్‌బిషప్ అలైషో ద మెనెజిస్. వచ్చినవాళ్ళు మలబారు తోమా క్రైస్తవులు. అప్పటి పోర్చుగీసు రాతల్లోని లెక్క ప్రకారం గురువులు 153 మంది, ఊళ్ళ తరఫున వచ్చిన పెద్దలు 660 మంది. వాళ్ళ మెట్రపాలిటన్ మార్ అబ్రహాం రెండేళ్ళ క్రితమే, 1597లో చనిపోయాడు. బాబిలోను నుంచి, అంటే తూర్పు సభ వైపు నుంచి, కొత్త బిషప్పు రాకుండా పోర్చుగీసువాళ్ళు రేవుల్లో కాపలా పెట్టారు. పెద్దదిక్కు లేని ఇంటికి పెత్తనం చెయ్యడానికి వచ్చినట్టు వచ్చాడు మెనెజిస్.

ఆ సభ తీర్మానాల్లో చాలామంది చరిత్రకారులు పుస్తకాల కాల్చివేత గురించి రాస్తారు. రాయవలసిందే. సిరియాక్ రాతప్రతులు ఎన్ని బూడిదయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కానీ మన కథకు కావలసినవి ఇంకో రెండు తీర్మానాలు.

మొదటిది మార్ సాబోర్, మార్ ప్రోత్ అనే ఇద్దరి గురించి. తొమ్మిదో శతాబ్దంలో పర్షియా నుంచి కొల్లంలో దిగారని మలబారు క్రైస్తవులు చెప్పుకునే పుణ్యపురుషులు వీళ్ళు. 849 నాటి తరిసాపల్లి రాగిరేకుల్లో కనిపించే సాపిర్ ఈశో ఆ సాబోరేనని వాళ్ళ నమ్మకం. వీళ్ళ పేరిట కట్టిన గుళ్ళు చాలా ఉన్నాయి, ఏటేటా ఉత్సవాలున్నాయి, మొక్కుల విందులున్నాయి. ఉదయంపేరూరు సభ ఏమందంటే: వీళ్ళ గురించి నమ్మదగిన రాత ఏదీ లేదు, వీళ్ళను పునీతులుగా ఎవరూ ప్రకటించినట్టు లేదు, పైగా బాబిలోను నుంచి వచ్చారు కాబట్టి మతభ్రష్టులేమోనన్న అనుమానం ఉంది. అందుకని వీళ్ళ గుళ్ళన్నిటినీ సకల పునీతుల పేరు మీదికి మార్చాలి, ఉత్సవం నవంబరు 1న చేసుకోవాలి.

రెండోది అంగమాలిలోని రబ్బన్ హోర్మిజ్ద్ గుడి గురించి. మార్ అబ్రహాం సమాధి అయింది ఆ గుడిలోనే. ఏడో శతాబ్దపు మఠాధిపతి హోర్మిజ్ద్, రోమ్ మతభ్రష్టుడన్న నెస్టోరియస్ మతంవాడు, కాబట్టి ఆయన పేరు పనికిరాదని తేల్చారు. అదే పేరున్న మరో పర్షియా వేదసాక్షి ఉన్నాడు, 431 నాటి చీలికకు ముందువాడు. ఆయన పేరు మీద గుడిని మార్చి, ఆగస్టు 8న పండుగ చేయమన్నారు. జనం నోట పేరు అదే, గుడిలో ఉన్న మనిషి మాత్రం వేరు!

అక్కడ కూర్చున్న పెద్దలకు మెనెజిస్ చెప్పనిది ఒకటుంది. బహుశా ఆయనకు తెలిసి ఉండదు. మోసూల్‌కు ఉత్తరాన అల్కోష్ దగ్గర కొండను తొలిచి కట్టిన రబ్బన్ హోర్మిజ్ద్ మఠం ఉంది. 1552లో ఆ మఠం పెద్దగా ఉన్న యోహన్నాన్ సులాఖా అనే సన్యాసినే తూర్పు సభలో ఒక వర్గం పాట్రియార్కుగా ఎన్నుకుని రోమ్‌కు పంపింది. 1553లో పోపు మూడవ జూలియస్ కాలంలో రోమ్‌లోనే ఆయనకు అభిషేకం జరిగింది. అలా రోమ్‌తో కలిసిన కల్దీయ కథోలిక సభకు మొదటి పాట్రియార్కు అయ్యాడు. తిరిగి వెళ్ళాక 1555లో చెరలో చంపబడ్డాడు. అంటే, ఏ హోర్మిజ్ద్ పేరును 1599లో మలబారులో మతభ్రష్టుడని కొట్టేశారో, ఆ హోర్మిజ్ద్ మఠం నుంచి వచ్చినవాడికే 46 ఏళ్ళ ముందు రోమ్ పట్టం కట్టింది. ఆ తర్వాతి కథ ఇంకా స్పష్టం. ఖాళీపడిన ఆ మఠాన్ని 1808లో గాబ్రియేల్ దంబో అనే కల్దీయ కథోలికుడు మళ్ళీ నిలబెట్టాడు. ఆయన స్థాపించిన సన్యాసుల సంఘం పేరులో పునీత హోర్మిజ్ద్ పేరు ఉంది. రోమ్ దాన్ని ఆమోదించింది.

మెనెజిస్‌ను దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. తన కాలపు నియమాన్ని ఆయన అక్షరాలా అమలు చేశాడు. ఆ నియమం ఏమిటో చూడాలి.

గత సంచికలో మూడు చీలికల గురించి చెప్పుకున్నాం. 431లో ఎఫెసు మహాసభ తర్వాత పర్షియాలోని తూర్పు సభ దారి వేరైంది. 451లో కాల్సెడోను మహాసభ తీర్మానాన్ని ఒప్పుకోక ఈజిప్టు కోప్టులు, ఆర్మీనియన్లు, సిరియన్లలో పెద్ద భాగం వేరుపడ్డారు. 1054లో రోమ్, కాన్‌స్టాంటినోపుల్ ప్రతినిధులు ఒకరినొకరు వెలివేసుకున్నారు. ఒక్కో చీలిక తర్వాత గోడకు అవతల కూడా భక్తులు పుట్టారు, ఎడారుల్లో తపస్సు చేశారు, విశ్వాసం కోసం తలలు ఇచ్చారు. వాళ్ళను ఇవతలివాళ్ళు ఏమనాలి?

రోమ్ ఇచ్చిన అతి కఠినమైన జవాబు 1442 ఫిబ్రవరి 4 నాటిది. ఫ్లోరెన్సు మహాసభలో కోప్టులతో కుదిరిన ఐక్యతా ఒప్పందం అది. ఈజిప్టులోని పునీత అంతోని మఠాధిపతి ఆంద్రెయ కోప్టుల తరఫున అంత దూరం వచ్చాడు. ఆ పత్రంలో ఒక మాట ఉంది: కథోలిక శ్రీసభ ఒడిలోనూ ఐక్యతలోనూ నిలవనివాడు క్రీస్తు పేరు కోసం నెత్తురు చిందించినా రక్షణ పొందలేడు. ఆ మాట రాసింది కోప్టులకిచ్చిన పత్రంలోనే. ఒప్పందం ఈజిప్టులో వేళ్ళూనుకోలేదు, కొద్దికాలానికే మూలపడింది. ఆ మాట మాత్రం కాగితం మీద నిలిచిపోయింది. పాఠకులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

దానికి తోడు పునీతుల ప్రకటన కూడా క్రమంగా రోమ్ చేతిలోకి వెళ్ళింది. తొలి శతాబ్దాల్లో ఊరి జనం సమాధి దగ్గర దీపం పెడితే, బిషప్పు ఒప్పుకుంటే, పునీతుడే. 1588లో ఐదవ సిక్స్తుస్ దీనికోసం ఒక కార్యాలయం పెట్టాడు. 1634లో ఎనిమిదవ అర్బన్ పోపు అనుమతి లేని బహిరంగ పూజను కట్టడి చేశాడు. గోడ అవతలివాడి గురించి విచారణ జరపడానికి ఇక ఏ దారీ మిగల్లేదు.

అయితే దొడ్డిదారి ఒకటి తెరిచే ఉంది. తూర్పు సభల నుంచి గుంపులు గుంపులుగా జనం రోమ్‌తో కలుస్తూ వచ్చారు: కల్దీయులు, ఉక్రెయినియన్లు, మెల్కీయులు, ఆర్మీనియన్లు. వచ్చినవాళ్ళు చేతులూపుకుంటూ రాలేదు. ప్రార్థన పుస్తకాలతో వచ్చారు, పండుగల పట్టికలతో వచ్చారు, అవ్వతాతలు మొక్కిన పునీతులతో వచ్చారు. వాళ్ళను పోపుకు లోబడమనడం తేలికే. మీ అమ్మ మొక్కిన సన్యాసిని మరిచిపొమ్మనడం ఎలా? ఒకచోట పేర్లు కొట్టేశారు, ఇంకోచోట చూసీ చూడనట్టు ఊరుకున్నారు. 20వ శతాబ్దంలో రష్యన్ కథోలికుల ప్రార్థన పుస్తకాలు రోమ్‌లో అచ్చయ్యేనాటికి, 1392లో కన్నుమూసిన రాదొనెజ్ సెర్గియుస్ లాంటి రష్యన్ ఆర్థడాక్స్ మఠస్థాపకులు వాటిలో దర్జాగా ఉన్నారు. 2001లో సరిదిద్ది వెలువరించిన రోమన్ వేదసాక్షుల పట్టికలో (పేరు అలా ఉన్నా పునీతులందరినీ చేర్చే పట్టిక అది) కూడా సెప్టెంబరు 25న సెర్గియుస్ పేరు, ఏప్రిల్ 26న పెర్మ్ స్తెఫాను పేరు కనిపిస్తాయి. ఇద్దరూ 1054 తర్వాత మూడు వందల ఏళ్ళకు బతికినవాళ్ళు.

కేరళలో జనం తమ దారి తాము చూసుకున్నారు. కొట్టాయం జిల్లా కోతనల్లూరు గుడిలో ఇవాళ పేరుకు ఉన్నది మిలాను నగరపు కవల వేదసాక్షులు గెర్వాసిస్, ప్రోతాసిస్. ఊరివాళ్ళకు మాత్రం అది ఇప్పటికీ కదీశుల గుడి, అంటే సాబోర్, ప్రోత్‌లను వాళ్ళ పూర్వీకులు పిలిచిన పేరుతోనే పిలుస్తారు. నాలుగు వందల ఏళ్ళ నాటి తీర్మానాన్ని ఎదిరించి ఎవరూ కొట్లాడలేదు. పిలుపు మానలేదు, అంతే.

ఇక ఆర్మీనియన్ల దగ్గరికి వద్దాం. హైదరాబాదు పాతబస్తీలో, ఉప్పుగూడలో, ఆర్మీనియన్ సమాధులున్నాయి. గోల్కొండ కాలంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసినవాళ్ళవి. మచిలీపట్నం రేవులో కూడా వాళ్ళ వర్తకం సాగింది. దేశం నుంచి దేశానికి తిరిగే ఈ జాతి ఎక్కడికెళ్ళినా వెంట ఉంచుకునే పుస్తకం ఒకటుంది. రోగి తలగడ కింద పెట్టడం వాళ్ళ ఆచారం. పదకొండో శతాబ్దం తొలి ఏళ్ళలో, వాన్ సరస్సు దక్షిణపు ఒడ్డున నారెక్ మఠంలో గ్రిగొరి అనే సన్యాసి దేవుడితో మాట్లాడుతూ రాసుకున్న 95 ప్రార్థనలు అవి. ఆర్మీనియన్లు దాన్ని పుస్తకం పేరుతో కాకుండా ‘నారెక్’ అనే అంటారు.

గ్రిగొరి మీద సొంత సభలోనే అనుమానాలుండేవి. ఆయన తండ్రి ఖొస్రోవ్ బిషప్పు. ఆయనను అప్పటి కాథలికోసు, అంటే ఆర్మీనియన్ సభ పెద్ద, వెలివేశాడు. గ్రిగొరి కూడా కాల్సెడోను వైపు మొగ్గుతున్నాడని గుసగుసలు పుట్టాయి. విచారించడానికి వచ్చినవాళ్ళకు ఉపవాసం రోజున వేయించిన పావురాలు వడ్డించాడని, వాళ్ళు తప్పుపట్టగానే ఆ పావురాలు రెక్కలు కొట్టుకుంటూ ఎగిరిపోయాయని జనంలో కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, అటు పూర్తిగా ఒదగని, ఇటువాళ్ళు తమవాడనుకోని మనిషి ఆయన.

2015 ఫిబ్రవరిలో పోపు ఫ్రాన్సిస్ ఈ గ్రిగొరిని శ్రీసభ పండితుడిగా నిర్ణయించాడు. ఏప్రిల్ 12న రోమ్ పునీత పేతురు దేవాలయంలో, ఆర్మీనియన్ల ఊచకోతకు నూరేళ్ళయిన సందర్భంగా జరిగిన దివ్యబలిపూజలో ప్రకటన జరిగింది. ఆర్మీనియన్ అపోస్తలిక సభ పెద్దలు రెండవ గరెగిన్, మొదటి ఆరామ్ ఇద్దరూ అక్కడున్నారు. ఆ రోజు పోపు ఊచకోతను జాతిహననం అన్నందుకు టర్కీ తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. పత్రికలన్నీ ఆ గొడవే రాశాయి. అసలు సంగతి పక్కకు పోయింది.

అసలు సంగతి ఏమిటి? శ్రీసభ పండితులు అప్పటికి 35 మందే. అగుస్తీను, తోమా అక్వీను, అవిలా తెరెజా కూర్చున్న వరస అది. పునీతుడని ఒప్పుకోవడం ఒక ఎత్తు, మా అందరికీ గురువనడం మరో ఎత్తు. కాల్సెడోనును అంగీకరించని సభలో పుట్టి, ఆ సభలోనే చనిపోయిన సన్యాసిని రోమ్ తన గురుపీఠం మీద కూర్చోబెట్టింది. కొందరు కథోలిక పండితులు అభ్యంతరం చెప్పారు. ఆర్మీనియన్ కథోలికులు ఎప్పటినుంచో ఈయనను పూజిస్తున్నారు కదా అని మరికొందరు జవాబిచ్చారు. ఆ జవాబు నిజమే, కానీ సరిపోదు. దొడ్డిదారిన వచ్చినవాడిని ఈసారి సింహద్వారంలోంచి మేళతాళాలతో తీసుకొచ్చారు, అది వేరే సంగతి.

అదే 2015 ఫిబ్రవరిలో ఇంకో ఘటన జరిగింది. ఈజిప్టు మిన్యా ప్రాంతంలో అల్-ఔర్ అనే పల్లె నుంచీ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ మగవాళ్ళు పొట్ట చేతపట్టుకుని లిబియాకు కూలికి వెళ్ళారు. సిర్త్ పట్టణంలో కట్టడం పనులు. గల్ఫుకు మనిషిని పంపిన తెలంగాణ, రాయలసీమ ఇళ్ళకు ఈ బతుకు వివరించనక్కర్లేదు. ఐసిస్ ముష్కరులు వాళ్ళను పేరుపేరునా క్రైస్తవులని ఎంచి పట్టుకున్నారు. సముద్రపు ఒడ్డున తలలు నరికి, ఫిబ్రవరి 15న ఆ వీడియోను బయటపెట్టారు. 20 మంది కోప్టులు, ఒకరు ఘనా దేశస్థుడు మాథ్యూ అయారిగా. వాళ్ళలో 13 మంది అల్-ఔర్ ఒక్క ఊరివాళ్ళే. చివరి క్షణంలో యేసు పేరు పలుకుతూ పోయారు.

వారం తిరగకుండా కోప్టుల పోపు రెండవ తవద్రోస్ వాళ్ళను వేదసాక్షుల పట్టికలో చేర్చాడు. విచారణలు లేవు, అద్భుతాల లెక్క లేదు. తొలి శతాబ్దాల్లో జరిగినట్టే జరిగింది. అల్-ఔర్‌లో వాళ్ళ పేర గుడి లేచింది. 2017లో లిబియాలో దొరికిన శరీరాలు 2018 మే నెలలో ఆ గుడికి చేరాయి.

2023 మే నెలలో తవద్రోస్ రోమ్ వెళ్ళాడు. 1973 మే 10న ఆరవ పాల్, కోప్టుల పోపు మూడవ షెనూదా కలిసి సంతకాలు చేసిన ఉమ్మడి ప్రకటనకు అది యాభయ్యో ఏడు. తవద్రోస్ ఆ 21 మంది పవిత్ర అవశేషాలను కానుకగా ఇచ్చాడు. మే 11న పోపు ఫ్రాన్సిస్ ఆ 21 పేర్లను రోమన్ వేదసాక్షుల పట్టికలో చేరుస్తున్నట్టు ప్రకటించాడు.

ఇప్పుడు 1442కు రండి. కోప్టులకిచ్చిన పత్రంలో, మా ఐక్యతలో లేనివాడి నెత్తురు లెక్కలోకి రాదని రాసిన రోమ్, అదే కోప్టుల బిడ్డల నెత్తురును తన పట్టికలో రాసుకుంది. మధ్యలో 581 ఏళ్ళు గడిచాయి. ఈ మార్పు ఒక్క రోజులో రాలేదు. 1964లో ఆరవ పాల్ ఉగాండా వేదసాక్షులను పునీతులుగా ప్రకటిస్తూ, వాళ్ళతో పాటు చనిపోయిన ఆంగ్లికన్ యువకులను కూడా తలుచుకున్నాడు. 1995లో రెండవ జాన్ పాల్ అన్ని సభలకూ ఉమ్మడి వేదసాక్షులున్నారని తన లేఖలో రాశాడు. 2000 మే 7న రోమ్ కొలోసియం దగ్గర అన్ని సభలవాళ్ళనూ పిలిచి 20వ శతాబ్దపు విశ్వాససాక్షులను స్మరించాడు. దారి చదును చేస్తూ వచ్చారు. అయినా 2023 నాటి ప్రకటనకు నేనిచ్చే విలువ వేరు. ఆ 21 మందిని కాల్సెడోను గురించి ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్ళ సభ రోమ్‌తో కలవలేదు, కలుస్తామని మాటా ఇవ్వలేదు. పైగా 2024 మార్చిలో, స్వలింగ జంటలకు ఆశీర్వాదం విషయమై వాటికన్ ఇచ్చిన పత్రం నచ్చక, కోప్టు సభ రోమ్‌తో వేదాంత చర్చలనే ఆపేసింది. చర్చలు ఆగాయి కానీ పట్టికలోని 21 పేర్లు అలాగే ఉన్నాయి. బిషప్పులకు తెగని తగవు ఉండగానే పునీతులు ఇద్దరికీ చెందుతారని రోమ్ ఒప్పుకుంది. ఈ ధారావాహికలో ఇంతకంటే పెద్ద మలుపు లేదని నా అభిప్రాయం.

చివరగా మిగిలింది అన్నిటికంటే పాత గోడ, 431 నాటిది. మెనెజిస్‌ను భయపెట్టిన ‘బాబిలోను’ దాని అవతలే ఉంది. ఆ తూర్పు సభలో ఏడో శతాబ్దంలో ఇసాకు అనే సన్యాసి ఉండేవాడు. పుట్టింది బేత్ ఖత్రాయేలో. ఇవాళ మనవాళ్ళు పనికి వెళ్ళే ఖతర్, దాని చుట్టుపక్కల తీరమే అది. పాట్రియార్కు గివర్గీస్ ఆయనను నినెవేకు బిషప్పుగా అభిషేకించాడు. ఐదు నెలలకే ఆ పదవి వదిలేసి, నేటి ఇరాన్ నైరుతిలోని ఖుజిస్తాన్ కొండల్లోకి వెళ్ళిపోయాడు. చదివి చదివి చూపు పోగొట్టుకున్నాడు. చెబుతుంటే శిష్యులు రాసుకునేవారు. మనుషుల కోసమే కాదు, పక్షుల కోసం, పశువుల కోసం, చివరికి దయ్యాల కోసం కూడా కన్నీళ్ళు పెట్టుకునే గుండె కావాలని ఆయన బోధ.

ఆ రాతలు సరిహద్దులు దాటిన తీరు ఆశ్చర్యకరం. యెరూషలేముకు దగ్గర్లోని మార్ సాబా మఠంలో గ్రీకు సన్యాసులు వాటిని తమ భాషలోకి తెచ్చుకున్నారు. తమ సభ శపించిన థియొడోర్ లాంటివాళ్ళ పేర్లు వచ్చినచోట ఇంకెవరి పేరో పెట్టారు. అంగమాలిలో జరిగిందే అక్కడా జరిగింది, కాకపోతే బోధను కాపాడుకోవడానికి జరిగింది. అలా ‘నెస్టోరియన్’ బిషప్పు గ్రీకు, రష్యన్ ఆర్థడాక్సు వాళ్ళకు జనవరి 28 నాటి పునీతుడయ్యాడు. దస్తయేవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’ నవలలో ముసలి సేవకుడు గ్రిగొరి అర్థం కాకపోయినా పట్టుపట్టి చదివే పుస్తకం ఈయనదే. లాటిన్‌లోకి వెళ్ళిన కొంత భాగం 15వ శతాబ్దం చివర్లోనే బార్సిలోనాలో అచ్చయింది. అంటే మెనెజిస్ మలబారుకు రావడానికి వందేళ్ళ ముందే ఐరోపా కథోలికులు తూర్పు సభ బిషప్పు మాటలు చదువుకుంటున్నారు. ఆయన ఎవరో తెలియదు, అంతే.

2024 నవంబరు 9న తూర్పు సభ పాట్రియార్కు మూడవ మార్ ఆవా రోమ్‌లో పోపు ఫ్రాన్సిస్‌ను కలిశాడు. క్రీస్తు గురించి 431 నాటి పాత తగవును తీర్చుతూ 1994లో రెండవ జాన్ పాల్, మార్ దిన్హా చేసిన ప్రకటనకు అది ముప్పయ్యో ఏడు. ఆ రోజే నినెవే ఇసాకు పేరును రోమన్ వేదసాక్షుల పట్టికలో చేర్చినట్టు ఫ్రాన్సిస్ చెప్పాడు. ఆ తూర్పు సభ మన దేశంలోనూ ఉంది. త్రిశూరులో కల్దీయ సిరియన్ సభ పేరుతో దానికి గుళ్ళున్నాయి, జనం ఉన్నారు. ఉదయంపేరూరు సభ అనుమానించిన ‘బాబిలోను’ సంప్రదాయమే అది.

అవతలివైపు నుంచి ఇంత చొరవ కనబడదన్నది కూడా చెప్పాలి. ఆర్థడాక్సు పట్టికల్లో అస్సీసీ ఫ్రాన్సిసుకు చోటు లేదు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను లాటిన్ సైన్యం దోచుకున్న గాయం అంత తేలిగ్గా మానేది కాదు. అందుకని ఇటువైపు వేసిన అడుగు విలువ తగ్గదు.

తెలుగునాట కథోలికులు చాలామటుకు లాటిన్ ఆచారంవాళ్ళు, రోమన్ పండుగల పట్టికనే పాటిస్తారు. 2021 నుంచి ఆ పట్టికలో ఫిబ్రవరి 27న నారెక్ గ్రిగొరి స్మరణ ఉంది. తప్పనిసరి కాదు, ఇష్టమైతే చేసుకోవచ్చు. విచారణ గురువులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఆ రోజు పూజలో ఆయన పేరు పలకండి, ఆయన ఎవరో నాలుగు మాటల్లో చెప్పండి. హైదరాబాదులో ఉన్నవాళ్ళు వీలు చూసుకుని పిల్లల్ని ఉప్పుగూడ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళండి.

(వచ్చే భాగం: మీరా నుంచి బారీకి చేరిన పునీత నికొలాసు ఎముకలు)